వరస కలపడం అన్న మాట నాది

2000 ఆగస్టు 17, గురువారం, సాయంత్రం నాలుగూ ఇరవై. నర్సీపట్నంలో బస్సు కాంప్లెక్సుకి ఎదురుగా మేడ మీద కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్లో, కిటికీ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని, నేను ఆ మాట అన్నాను. టైము అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అక్కడ అరగంట చొప్పున డబ్బు తీసుకునేవారు. నాలుగున్నర దాటితే ఇంకో అరగంట పడుతుంది. కంప్యూటర్ చూడడం నన్ను అక్కడికి తీసుకొచ్చిన అమ్మాయి పని, గోడ గడియారం చూడడం నా పని. నేను గడియారం వైపు నుంచి తల తిప్పి తెర వైపు చూసి, ఆ మాట అన్నాను. నా అసూయ కూడా అప్పుడే మొదలైంది. రెంటికీ ఒకటే టైము.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఊళ్లో డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. ఆ అమ్మాయి మాకు పార్ట్ టైమ్ లెక్చరర్‌గా వచ్చి రెండేళ్లయింది. సబ్జెక్టు జంతుశాస్త్రం. వయసు ఇరవయ్యారు. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు వాళ్లది. తండ్రి వేటకి వెళ్తాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకుని అమ్ముతుంది. ఆ ఊళ్లో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్ల తను. బలిఘట్టం వెళ్లే రోడ్డులో మా వెనక వీధిలోనే గది తీసుకుంది. కాలేజీలో అందరూ నన్ను మేడమ్ అంటే, తను మాత్రం వచ్చిన వారానికే ‘అప్పా’ అనడం మొదలుపెట్టింది. మా వైపు అక్కని అప్ప అంటాం. క్లాసులో పుస్తకం భాష మాట్లాడేది, నాతో మాత్రం ఇంటి భాషే.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు డాక్టరేటు చెయ్యాలని ఉండేది. ఉండేది అనడం తక్కువ. ఆ ఊళ్లో ఎవరి పేరు ముందు ‘డా.’ అని బోర్డు కనబడినా, పళ్ల డాక్టరైనా పశువుల డాక్టరైనా సరే, ఒక క్షణం ఆగి చదివేదాన్ని. ఒకసారి విశాఖలో పార్ట్ టైమ్‌గా రిజిస్టర్ కూడా అయ్యాను. గైడు గారు రిటైరయ్యారు, నా రిజిస్ట్రేషన్ గడువు దాటి రద్దయింది. పని మాత్రం ఆపలేదు. ఏజెన్సీ కొండల్లో అడవి పసుపు ఉంటుంది. ఒక రకం వేసవి చివర ఆకు రాకముందే దుంప పక్క నుంచి పువ్వు తోస్తుంది. ఇంకో రకం వానలు పడ్డాక ఆకుల నడుమ నుంచి పూస్తుంది. కొండవాళ్లు రెంటినీ ఒక్క పేరుతోనే పిలుస్తారు. అవి ఒకే మొక్క రెండు కాలాల్లో రెండు తీరులుగా పూయడమా, లేక రెండు వేరు వేరు జాతులా? అదీ నా ప్రశ్న. పదకొండేళ్లు సెలవుల్లో బస్సెక్కి చింతపల్లి వైపు వెళ్లి దుంపలు తెచ్చి, పెరట్లో కుండీల్లో పెంచి, వేరు కొసలు కోసి, కాలేజీ మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెట్టాను. ఒక రోజు ఒక అంకె, ఇంకో రోజు ఇంకో అంకె. జవాబు తేలలేదు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి చేసింది ఇది. అప్పుడే విశాఖలో నెల్లాళ్లు బయోఇన్ఫర్మాటిక్స్ అని, జన్యువుల లెక్కలు కంప్యూటర్లో చూసే ఒక ట్రైనింగ్ చేసి వచ్చింది. “రండప్పా, మీకోటి సూపిస్తాను” అని లాక్కెళ్లింది. ప్రపంచంలో ఎవరెవరో తేల్చిన డీఎన్‌ఏ అక్షరాలన్నీ ఒకచోట దాచి ఉంచారట. ఎవరైనా చూడొచ్చట, డబ్బు అక్కర్లేదట. మామూలు పసుపు తాలూకు అక్షరాలు కొన్ని అందులోంచి తీసింది. ఎ, టి, జి, సి. నాలుగే అక్షరాలు, కానీ పేజీ నిండా బారులు. వాటిని ఒక పెట్టెలో వేసి బటన్ నొక్కింది. ఫోను లైను మీద నడిచే ఇంటర్నెట్టు కదా, కాసేపు తెర అలాగే నిలబడిపోయింది. తరవాత పేర్లు దిగడం మొదలైంది. పసుపుకి దగ్గర మొక్కలు పైన, దూరం మొక్కలు కింద. అల్లం ఎక్కడుందో, ఏలకి ఎక్కడుందో, అన్నీ. కింద రెండేసి బారులు ఒకదాని కింద ఒకటి పేర్చి చూపించింది. అక్షరం కింద అక్షరం, కలవని చోట చిన్న గీత.

“ఈ గీతలేటి?” అన్నాను.

“అక్కడ ఖాళీ అప్పా. ఒకదాన్లో అక్షరం పోయిందన్న మాట. అది వదిలీసి, తరవాత్తరవాత కలిసిన కాడ కలుపుతాది.”

“అంటే వరస కలుపుతోందన్న మాట” అన్నాను.

అదీ ఆ మాట. ఆ అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసి నా వైపు తిరిగింది. “ఎంత బాగా సెప్పేరప్పా!” అంది. నాకు బాగా గుర్తుంది. ఆమెకి గుర్తుందా లేదా అన్నది తరవాత సంగతి.

కింద టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని మిగతాది కూడా నేనే విప్పి చెప్పాను. మన వైపు ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ఏం చేస్తారు? మీది ఏ ఊరు, ఇంటిపేరేటి, మీ అమ్మమ్మ గారిది ఏ ఊరు అని అడుగుతారు. మధ్యలో ఒక తరం పేరు తెలియకపోతే దాన్ని వదిలేసి పై తరం దగ్గర కలుపుతారు. ఎన్ని తరాలు వదిలితే అంత దూరం చుట్టరికం. చివరికి నువ్వు నాకు పిన్నివో వదినవో తేలుతుంది. ఇది కూడా అంతే కదా అన్నాను. ఆమె టీ చల్లారబెట్టుకుని వింది.

చెప్పడం అయ్యాక ఆమె చేతిలో టీ గ్లాసు వైపు చూశాను. పదకొండేళ్లు నేను సూదితో వేరు కొసలు చిదుపుతూ కూర్చున్న చోట, ఈ పిల్ల మేడ మీద బటన్ నొక్కి టీ తాగుతోంది. దానికి ఇరవయ్యారు, నాకు నలభై ఎనిమిది. ఈ తీసివేత ఆ సాయంత్రం ఎన్నిసార్లు చేశానో.

డిసెంబరులో పేపర్లో ప్రకటన వచ్చింది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ జీవశాస్త్రాల వాళ్లకి బయోఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీ సీట్లు ఇస్తోంది, ఫెలోషిప్‌తో. మొక్కల జన్యువుల మీద ఒక్కటే సీటు. కాలేజీల్లో పనిచేసే వాళ్లు కూడా పెట్టుకోవచ్చు, కానీ యాభై నిండకూడదు. నాకు 2002లో యాభై నిండుతాయి. తనకైతే ముందు ముందు ఎన్నో ప్రకటనలు వస్తాయి. నాకు ఇది ఒక్కటే. నేను పెట్టాను. తనూ పెట్టింది. జంతుశాస్త్రం పిల్లవి, మొక్కల సీటుకి నువ్వెందుకు పెట్టావన్నాను.

“అక్షరాలకి మొక్కేటి, సేపేటప్పా” అంది నవ్వుతూ. “మీకొస్తే నాను పార్టీ ఇస్తాను, నాకొస్తే మీరియ్యాల.”

మా ఆయన రోలుగుంటలో వ్యవసాయ ఆఫీసులో పనిచేసేవారు. ఆ ఆదివారం పెరట్లో కుండీలకి నీళ్లు పోస్తూ, “నీ మొహం సూస్తే తెలుస్తంది. నీకు అసూయ కంప్యూటర్ మీదా, పిల్ల మీదా? ముందు అది తేల్సుకో” అన్నారు.

“మీకెందుకు?”

“కంప్యూటరైతే ఒకటి కొందుము. పిల్లనైతే కొనలేం గదే.”

2001 మార్చి 12, సోమవారం, హైదరాబాదులో ఇంటర్వ్యూ. ముందు రోజు ఇద్దరం అనకాపల్లిలో రైలెక్కాం. తను తల్లి వేయించి ఇచ్చిన ఎండు నెత్తళ్ల చేపల పొట్లం తెచ్చింది, నేను పులిహోర తెచ్చాను. మార్చుకుని తిన్నాం. దారి పొడుగునా నాకు ప్రోగ్రాముల పేర్లు వల్లె వేయించింది. నేను తడబడితే దిద్దేది. దిద్దిన ప్రతిసారీ నాకు మంట. అయినా నేర్చుకున్నాను.

తనని ముందు పిలిచారు. తలుపు మూసే ఉంది, మాటలు వినబడలేదు. మధ్యలో ఒకసారి లోపల అందరూ గట్టిగా నవ్వడం మాత్రం వినబడింది. తను బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, “మంచోళ్లేనప్పా, బెదరకండి” అంది. వెంటనే నన్ను పిలిచారు.

లోపల నలుగురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన తెలుగాయనే. “నర్సీపట్నమా అండీ? మా రైలు ఆగుతుంది కదా అక్కడ” అన్నారు. “ఆగేది నర్సీపట్నం రోడ్డులో అండీ. మా ఊరు రావాలంటే అక్కడ దిగి మళ్లీ బస్సెక్కాలి” అన్నాను. నవ్వారు. బాగానే మొదలైంది. అడవి పసుపు గురించి అడిగితే పావుగంట చెప్పాను. మధ్యలో ఎవరూ అడ్డురాలేదు. పక్కనున్నాయన కాగితం మీద నా కుండీల సంగతి రాసుకోవడం కూడా చూశాను. సీటు నాకే అనుకున్నాను.

అప్పుడు పెద్దాయన అన్నారు, “ఒక చిన్న ప్రశ్న అండీ. రెండు డీఎన్‌ఏ సీక్వెన్సులు కలిపి చూడడం అంటే ఏమిటో, చదువుకోని మీ అమ్మగారికి చెప్పినట్టు తెలుగులో చెప్పండి.”

నాకు నవ్వు ఆగలేదు. ఇంతకన్నా నాకు కావలసిన ప్రశ్న ఉందా? “వరస కలపడం అండీ” అన్నాను. ఊరు, ఇంటిపేరు, అమ్మమ్మగారి ఊరు, తెలియని తరాన్ని వదిలెయ్యడం, అంతా చెప్పుకుపోతున్నాను. చెబుతూనే చూస్తున్నాను, నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. మర్యాదగానే అన్నారు.

“ఇప్పుడే ఆ అమ్మాయి కూడా ఇదే చెప్పిందండీ. మీరిద్దరూ కలిసే వచ్చినట్టున్నారు. రైల్లో చెప్పిందా?”

“ఆ మాట నాదండీ. నేనే తనకి చెప్పాను.”

“సరేనండీ. ఎవరిదైనా మంచి మాట” అన్నారు. ఆ ‘సరేనండీ’ ఎలాంటిదో క్లాసులో ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పినవాళ్లకి తెలుస్తుంది. హోంవర్కు ఎత్తి రాసుకొచ్చిన పిల్ల ‘నేనే రాశానండీ’ అంటే మనం అనే ‘సరే’ అది. 

ఆయన ఇంకో ప్రశ్న వేశారు. “అయితే, వరస కలిస్తే చుట్టాలేనా?”

నాకు ఆ అమ్మాయి మీద ఉడికిపోతోంది. ప్రశ్న సగమే విన్నాను. “కలిస్తే చుట్టాలే కదండీ. అందుకే కదా కలిపేది” అన్నాను. ఆయన తలూపి, థాంక్యూ అన్నారు.

తిరుగు రైల్లో విజయవాడ దాటాం. తరవాత అడిగాను.

“లోపల ఏమడిగారు?”

“శానా అడిగేరప్పా. సీక్వెన్సులు కలపడమంటే మీయమ్మకి అర్థమయ్యేలాగ సెప్పు అన్నారు. వరస కలపడమని సెప్పీసేను.”

“అది నేనన్న మాట.”

ఆమె నిజంగానే ఆలోచించింది. నటన కాదు, నటిస్తే నాకు తెలుస్తుంది. “మీరన్నారా? ఎప్పుడప్పా?”

“ఆగస్టు పదిహేడు. నాలుగూ ఇరవైకి. ఇంటర్నెట్ సెంటర్లో.”

“ఓలమ్మో, టైముతో సహానా!” అని పక్కున నవ్వింది. ఎదురు సీట్లో వాళ్లు కూడా తిరిగి చూశారు. “మాయమ్మ రోజుకి పదిసార్లు అంటాది కదప్పా ఆ మాట. కొత్త మనిసి కనబడితే సాలు, సేపల గంప దింపకుండానే వరస కలిపీస్తాది. నాను మాయమ్మే అనుకున్నాను. మీరన్నారేమో మరి, అనే ఉంటారు.”

అనే ఉంటారు! ఆ మాట అందరిదీ అని నాకూ తెలుసు. మా అమ్మా అనేది, వీధిలో అందరూ అంటారు. కానీ దాన్ని తెచ్చి ఆ నాలుగు అక్షరాల పక్కన పెట్టింది నేను. అది మొదట ఎవరు చేశారన్నదే లెక్క. పరిశోధనలో ఇంకేం లెక్క ఉంది?

“తరవాత ఏమడిగారు?”

“వరస కలిస్తే సుట్టాలేనా అనడిగారు.”

“నువ్వేమన్నావు?”

“కాదన్నాను. ఊరి వరస వేరు, రగతం వరస వేరు కదండీ అన్నాను. మాతో వచ్చిన మేడమ్‌ని నాను అప్పా అంటాను, మా ఇద్దరికీ ఏటి సుట్టరికం, ఏటీ లేదు, పిలుపు కలిసిందంతే. అలాగే అక్షరాలు కలిసినా ఒక తల్లి నుంచొచ్చినవే అనడానికి లేదు, ఊరికినే కూడా కలవొచ్చు, ఎంతమటుకు ఊరికినే కలుస్తాదో లెక్క కట్టి చూసుకోవాల అన్నాను. అందరూ నవ్వీసేరప్పా.”

తలుపు బయట నేను విన్న నవ్వు అది.

నేను కిటికీ వైపు తిరిగాను. ఊరి వరస. నర్సీపట్నంలో పుట్టి పెరిగినదాన్ని, పాలవాణ్ని మావయ్యా అనీ కూరగాయలమ్మిని పిన్నీ అనీ పిలిచేదాన్ని, నాకది తట్టలేదు. పక్కన కూర్చుని నన్ను అప్పా అంటున్న పిల్లకి తట్టింది. మాట నాది, కానీ మాటలో మంచి సగం తనది. దొంగతనమైతే కోప్పడొచ్చు. ఇది దొంగతనం కూడా కాదు. నాకంటే బాగా చెప్పింది.

సీటు తనకే వచ్చింది. పార్టీ నేనే ఇచ్చాను, ఒప్పందం ప్రకారం. బిర్యానీ. స్టాఫ్ రూములో అందరూ ఆ పిల్లని మెచ్చుకుంటుంటే నేను వడ్డించాను.

తరవాత ఆరేళ్లూ తను హైదరాబాదులో ఉంది. నెలకోసారి ఫోను చేసేది. ఒక గదంతా కంప్యూటర్లేనట, అన్నీ కలిపి ఒక్క పని చేస్తాయట. వరి జన్యువుల అక్షరాలన్నీ బయటపెట్టారట, వాటి మీద పనట. బెంగుళూరులో సదస్సట. కొత్తగా ఈ సబ్జెక్టులో ఎన్ని సీట్లు వస్తున్నాయో, ఎక్కడెక్కడ ఫెలోషిప్పులున్నాయో, అన్నీ చెప్పేది. మా కాలేజీ పిల్లలకి చెప్పండప్పా అనేది. చెప్పాను. ఏ ప్రకటనా దాచలేదు. నోటీసు బోర్డు మీద నా చేతులతో అంటించాను. అంటించిన ప్రతిసారీ ముందు వయసు గీత ఎక్కడుందో చూసేదాన్ని. ప్రతిసారీ నేను ఆ గీతకి అవతలే.

తన మొదటి పరిశోధన పత్రాన్ని తిప్పి పంపేశారని ఫోన్లో ఏడ్చిన రోజున నేను ఓదార్చాను. ఫోను పెట్టేసి అన్నానికి కూర్చున్నాను. మా ఆయన నా కంచం వైపు చూసి, “వంకాయ కూర రెండోమారు ఏసుకుంటన్నావు. ఏటి విశేషం?” అన్నారు. ఏమీ లేదన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆ పత్రాన్నే ఆర్నెల్ల తరవాత ఇంకా మంచి పత్రిక వేసుకుంది. ఆ రోజు వంట కూడా సరిగ్గా కుదరలేదు.

2007లో తనకి డాక్టరేటు వచ్చింది. విశాఖలో ఉద్యోగం కూడా వచ్చింది. ఒక ఆదివారం పేపరు అనుబంధంలో తన మీద అరపేజీ వ్యాసం వేశారు. ‘వరసలు కలిపే డాక్టరమ్మ’ అని శీర్షిక. మా స్టాఫంతా ఆ పేపరు తెచ్చి నాకు చూపించారు, నా శిష్యురాలి కింద లెక్క కదా. బాగుందన్నాను. వ్యాసం చివరిదాకా చదివాను. వాళ్లమ్మ పేరు ఉంది, గంప ఉంది, రేవు ఉంది. నర్సీపట్నం ఒక వాక్యంలో ఉంది.

2009 జూలైలో మాడుగుల హల్వా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కళ్లజోడు వచ్చింది తనకి. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

“అప్పా, నాకు గైడ్‌షిప్ ఇచ్చేరు. పీహెచ్‌డీకి మనుసుల్ని నాను తీసుకోవచ్చు. మొదటి సీటు మీకే. పార్ట్ టైము, వయసు పట్టింపు లేదు. సబ్జెక్టు మీ అడవి పసుపులే. రెంటి ఆకు ముక్కలూ పంపండి, సీక్వెన్సింగ్ నాను సేయిస్తాను. వరసలు మీరే కలపండి. అవి ఒకటో రెండో బేగి తేలిపోతాది.”

మా ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.  ఇరవయ్యేళ్లుగా అడుగుతున్న ప్రశ్నకి జవాబు, పేరు ముందు ‘డా.’, రెండూ ఆ హల్వా పక్కన బల్ల మీద పెట్టినట్టే ఉంది.

“గైడు పేరు దగ్గర నీ పేరు ఉంటుందా?” అన్నాను.

“ఉంటాది కదప్పా.”

“ఆర్నెల్లకోసారి రిపోర్టు నీకివ్వాలా?”

“ఇయ్యాల మరి” అని నవ్వింది. “సంతృప్తికరం అని నానే రాసి సంతకం ఎట్టీస్తాను. సదవను కూడా సదవను.”

తను హాస్యానికే అంది. నాకు మాత్రం ఆ కాగితం కనబడింది. నా పని కింద తన సంతకం. థీసిస్ మొదటి పేజీలో, ఈ పనికి దారి చూపిన గైడుకి కృతజ్ఞతలు అని నేను రాయడం కనబడింది. ఎక్కడో ఒక అధ్యాయంలో వరస కలపడం గురించి రాయాల్సి వస్తే, కింద ఆధారంగా తన పేరు వెయ్యాలి. ఆ మాట అచ్చులో ఉన్నది తన పేరు మీదే.

“వద్దులే. వచ్చే ఏడు నాకు రిటైర్మెంటు” అన్నాను.

“అయితే ఇంకా బోల్డు టైము.”

“వద్దన్నాను కదా.”

“ఒప్పీసుకోవే” అన్నారు మా ఆయన. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. “కోపమా అప్పా నా మీద?”

“కోపం కాదు, అసూయ. ముందు నుంచీ ఉంది.”

“తెలుసును” అంది మెల్లగా. “నాకేటి తెలీదనుకున్నారా? తెలిసే వచ్చేను. అదుంటే ఉండనీండి, పని సేద్దాం.”

నేను లేచి టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను. టీ తాగి, సీటు నెలాఖరు దాకా ఉంచుతానని చెప్పి వెళ్లింది. నెలాఖరున ఫోను మోగింది. నేను తియ్యలేదు. మా ఆయన తీసి, “లేదమ్మా, ఒప్పుకోదు” అన్నారు. సీటు విజయనగరం కుర్రాడెవరికో ఇచ్చిందట. అతని సబ్జెక్టు రొయ్యలు. తరవాత తన పెళ్లికి పిలుపు పోస్టులో వచ్చింది. కవరు మీద ‘శ్రీమతి మేడమ్ గారికి’ అని ఉంది.

పోయినవి ఇవి. 2001లో ఒక సీటు, అది నాకు రాలేదు. 2009లో ఒక సీటు, అది నేను తీసుకోలేదు. డాక్టరేటు. అడవి పసుపు ఒకటో రెండో అన్న జవాబు. అప్పా అని పిలిచే మనిషి. మొత్తం అయిదు.